నర్సింగ్ ముగించి ఉద్యోగంలో చేరారా? మొదటి నెలల్లో చేతికి పని ఎలా అలవాటు చేసుకోవాలి

బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, విజయవాడలోనో గుంటూరులోనో స్టాఫ్ నర్స్‌గా చేరిన పిల్లలు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఉద్యోగం నా వల్ల అవుతుందా?" డ్యూటీకి బయల్దేరే ముందు కడుపులో తిప్పుతుంది. బెడ్ దగ్గరికి ట్రే పట్టుకెళ్తే చేతులకు చెమటలు పడతాయి. ఇంటికొచ్చి పడుకున్నాక "తొమ్మిదో బెడ్‌కి యాంటీబయాటిక్ ఇచ్చానా, లేదా?" అని మెలకువ వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం "ధైర్యంగా ఉండు, అదే అలవాటైపోతుంది" అంటారు.

ఆ ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ చెప్పరు. ఏళ్ళ తరబడి కొత్తవాళ్ళను చూస్తూ వచ్చిన నర్సుగా నాకు తెలిసింది ఇది: చెయ్యి తిరిగిన పని దగ్గర భయం తగ్గుతుంది. సీనియర్ కసిరితే ఎవరికైనా బాధే. కానీ నరం దొరికించుకోవడం వచ్చిన అమ్మాయి ఆ మాట విని మళ్ళీ పనిలో పడిపోతుంది. రాని అమ్మాయి ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్తుంది. అందుకే కుదురుకోలేకపోతున్నామని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు, మీకు ఏ పని రాదో తేల్చుకోండి.

అది మీ తప్పు కూడా కాదు. క్లినికల్ పోస్టింగ్‌లో ఒక్క బెడ్ చుట్టూ బ్యాచ్ మొత్తం నిలబడితే, చెయ్యి వేసే అవకాశం ఇద్దరు ముగ్గురికే దక్కుతుంది. మిగతావాళ్ళు వెనక నుంచి చూసి రికార్డు రాసుకుంటారు. మూడు నాలుగేళ్ళు అలా గడిపి వచ్చినవాళ్ళకు ఒక్కసారిగా పదిహేను ఇరవై మంది పేషెంట్లను అప్పగిస్తే తడబడకుండా ఎలా ఉంటారు?

ముందు మీ వార్డు జాబితా రాసుకోండి

సిలబస్ అంతా మళ్ళీ చదవాలని కూర్చోకండి. ఏ వార్డులోనైనా రోజూ పడే పనులు పది పన్నెండు ఉంటాయి. మెడికల్ వార్డయితే క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే ప్లాస్టిక్ గొట్టం), సెలైన్, ఇన్సులిన్, నెబ్యులైజేషన్, ఆక్సిజన్, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), యూరిన్ క్యాథెటర్, రక్తం ఎక్కించడం. సర్జికల్ వార్డయితే డ్రెస్సింగ్, డ్రెయిన్ (ఆపరేషన్ చోటునుంచి ద్రవం బయటికి తెచ్చే గొట్టం) కొలవడం, ఆపరేషన్‌కి పంపడం, వచ్చాక చూసుకోవడం. ఒక వారం గమనించి చిన్న నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కో పని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి: ఒంటరిగా చేయగలను, పక్కన ఎవరైనా ఉంటే చేయగలను, ఇంతవరకు చేయలేదు.

ఆ కాగితం తీసుకెళ్ళి ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చూపించండి. ఎలా అడగాలో తెలియక చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇలా అడగొచ్చు: "మేడం, రైల్స్ ట్యూబు కాలేజీలో బొమ్మకి వేశాను, పేషెంట్‌కి వేయలేదు. ఈసారి కేసు వస్తే నన్ను పక్కన ఉంచుకోండి. ఆ తర్వాతది మీ ముందు నేను వేస్తాను." ఇంత తేటగా అడిగితే కాదనే సీనియర్లు తక్కువ. "నాకేమీ రాదు మేడం" అంటేనే వాళ్ళకు విసుగు, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్ళకీ తెలియదు కాబట్టి.

క్యాజువాలిటీలో పడితే జాబితాలో మన ప్రాంతపు కేసులు కూడా చేర్చాలి. పల్నాడు, బాపట్ల వైపు నుంచి గుంటూరుకి, కృష్ణా డెల్టా ఊళ్ళ నుంచి విజయవాడకి పురుగుమందు తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు వస్తారు. ఆర్గానోఫాస్ఫరస్ మందు తాగిన మనిషి కంటిపాపలు సూదిమొనంత అయిపోతాయి, నోట్లోంచి చొంగ కారుతుంది. ముందు గొంతు సక్షన్ చేసి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకోవాలి. మీరు గ్లౌజులు వేసుకుని, ఆ మందు పడిన బట్టలు తీసేసి ఒళ్ళు కడగాలి, ఎందుకంటే అది చర్మం గుండా కూడా ఎక్కుతుంది. డాక్టరు విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టాక నాడి, కంటిపాప, ఊపిరితిత్తుల్లో గరగర ఎలా మారుతున్నాయో మొదట్లో కొద్ది నిమిషాలకోసారి, తర్వాత డాక్టరు చెప్పినట్టు చూసి రాసేది మీరే.

పాముకాటుకి ఇరవై నిమిషాల గడ్డకట్టే పరీక్ష ఉంటుంది. అప్పుడే తీసిన రక్తం రెండు మిల్లీలీటర్లు గాజు ట్యూబులో పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. అప్పటికీ నీళ్ళలా జారితే విషం రక్తం మీద పనిచేస్తున్నట్టు. చూడ్డానికి చిన్న పని. అయితే ట్యూబు ప్లాస్టిక్‌దైనా, సబ్బుపొడితో కడిగినదైనా, లోపల తడి ఉన్నా ఫలితం తప్పుతుంది. పాము విషానికి విరుగుడైన యాంటీ వెనమ్ పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఆ ట్యూబు మీద ఆధారపడొచ్చు. అందుకని డ్యూటీలోకి రాగానే కొత్త, పొడి గాజు ట్యూబులు ఎక్కడున్నాయో చూసుకోండి.

క్యాన్యులా: మిగతా అన్నింటికంటే ముందు ఇది

వార్డులో మీకు పేరొచ్చేది ఇక్కడే. న్యాయమో కాదో గానీ, పేషెంట్లూ డాక్టర్లూ కొత్త నర్సును తూచేది మొదట దీనితోనే.

క్యాన్యులా సైజుల రంగులు నోటికి రావాలి, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. 18 ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. రక్తం ఎక్కించాలన్నా, షాక్‌లో ఉన్న మనిషికి సెలైన్ వేగంగా పోవాలన్నా 18 గానీ 20 గానీ. పెద్దవయసువాళ్ళ పలచటి నరాలకు 22, పసిపిల్లలకు 24.

ట్రే మొత్తం సర్దుకున్నాకే పేషెంట్ దగ్గరికి వెళ్ళండి. ప్లాస్టర్ ముక్కలు ముందే చింపి ట్రే అంచుకి అంటించుకోండి. చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడేసి, గుప్పిట మూసి తెరవమని చెప్పండి. టోర్నికే (చేతికి బిగించే పట్టీ) గుచ్చబోయే చోటికి నాలుగు వేళ్ళ పైన కట్టండి. కట్టాక కంటితో వెతక్కండి, వేలితో వెతకండి. నరం నొక్కితే మెత్తగా పైకి లేస్తుంది, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నార) గట్టిగా తాడులా తగులుతుంది. పైకి నీలంగా కనిపించే సన్నటి నరం కంటే, కనపడకపోయినా వేలికి తగిలే నరం నమ్మదగ్గది. మోచేతి మడతలో సులువుగా దొరుకుతుంది కానీ చెయ్యి మడిచినప్పుడల్లా సెలైన్ ఆగిపోతుంది. ముంజేతిలో చూడండి, వీలైతే అన్నం తినే చెయ్యి వదిలెయ్యండి. డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో నరాలు కలిపిన (ఫిస్టులా ఉన్న) చెయ్యి, పక్షవాతం వచ్చిన చెయ్యి, రొమ్ము ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి ముట్టుకోవద్దు.

స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వాలి. తడిమీద గుచ్చితే మంట, మంటకి చెయ్యి లాక్కుంటారు. ఎడమ బొటనవేలితో కిందివైపు చర్మం బిగించి లాగి పట్టుకోండి. కొత్తవాళ్ళకు నరం జారిపోయేది చాలాసార్లు ఈ బిగింపు లేకే. సూది మొనలో ఏటవాలుగా కోసిన వైపు పైకి ఉంచి, పదిహేను ఇరవై డిగ్రీల్లో గుచ్చండి. రక్తం వెనక్కి కనిపించగానే అక్కడే ఆగిపోవద్దు. సూది నరంలోకి వెళ్ళినా క్యాన్యులా మొన ఇంకా బయటే ఉంటుంది. కోణం తగ్గించి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకు పోనిచ్చి, అప్పుడు సూది కదలకుండా పట్టుకుని ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రం లోపలికి తోయండి. టోర్నికే విప్పాక సూది తియ్యండి. ఒకసారి వెనక్కి తీసిన సూదిని మళ్ళీ క్యాన్యులాలోకి దూర్చకూడదు, గొట్టం లోపల తెగిపోయే ప్రమాదం ఉంది. కొద్దిగా సెలైన్ ఎక్కించి, పైన వాపు రావట్లేదని చూసి, తేదీ, టైము రాసి అంటించండి. వానాకాలం డెంగీ పేషెంట్లకు ప్లేట్‌లెట్లు తక్కువుంటాయి, తప్పిన చోట ఎక్కువసేపు నొక్కి పట్టుకోవాలి.

రెండుసార్లు గుచ్చి దొరక్కపోతే ఆపేసి సీనియర్‌ని పిలవండి. మూడోసారి పంతానికి పోవద్దు. పిలిచాక పక్కకి తప్పుకోకుండా అక్కడే నిలబడి, ఆవిడ నరాన్ని ఎక్కడ వెతికారో, వేలు ఎక్కడ పెట్టారో చూడండి. మీ తర్వాతి క్యాన్యులా కుదిరేది ఆ చూపుతోనే.

లెక్కలు కాగితం మీద వేయండి, మనసులో వద్దు

500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో పోవాలి. డ్రిప్ సెట్ కవరు మీద మిల్లీలీటరుకి 20 చుక్కలు అని ఉంది. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి దాదాపు 42. వాచీ చూస్తూ పదిహేను సెకన్లలో పది, పదకొండు చుక్కలు పడేలా రోలర్ తిప్పండి. మైక్రో డ్రిప్ సెట్‌కి మిల్లీలీటరుకి 60 చుక్కలు, కాబట్టి గంటకి ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్నే చుక్కలు. పేషెంట్ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాకా, అటెండెంట్ స్టాండు జరిపాకా వేగం మారిపోతుంది. మళ్ళీ లెక్కపెట్టండి.

ఇన్సులిన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మన దగ్గర వయల్స్‌లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కి నారింజ మూత సిరంజి. ఇవి తారుమారైతే ఏమవుతుందో చూడండి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే, లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. తెల్లారేసరికి పేషెంట్ షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. తిరగేసి 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజిలో తీస్తే 20 అనుకుని 8 యూనిట్లే ఇస్తారు, "ఇన్సులిన్ ఇచ్చినా షుగర్ ఎందుకు దిగట్లేదు" అని రౌండ్స్‌లో అందరూ తల పట్టుకుంటారు. ప్రతిసారీ వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ పైకి చదివి, పక్కనున్నవాళ్ళకి చూపించి ఇవ్వండి. సీనియర్లు కూడా ఇలాగే చేయాలి.

పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ ఎప్పుడూ నేరుగా నరంలోకి ఇవ్వకూడదు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, నెమ్మదిగానే. ఎవరు తొందరపెట్టినా సరే.

ఊపిరి నిజంగా లెక్కపెట్టండి

కేస్ షీట్లలో అందరికీ వరుసగా "ఆర్ఆర్ 20" (నిమిషానికి 20 ఊపిర్లు) అని రాసి ఉండటం ఎక్కడైనా కనిపిస్తుంది. మీరు ఆ అలవాటులో పడొద్దు. పేషెంట్ దిగజారుతున్నాడని చాలాసార్లు బీపీ కంటే ముందే ఊపిరి చెబుతుంది. నాడి పట్టుకున్నట్టే మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం రొమ్ము మీద పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే వాళ్ళు మార్చి పీలుస్తారు. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 మామూలు. 25 దాటితే డాక్టరుకు చెప్పాలి. క్యాథెటర్ ఉన్న పెద్దవాళ్ళకు మూత్రం గంటకి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గుతున్నా అంతే. "గ్యాస్ పట్టింది సిస్టరమ్మా" అంటూ చెమటలు కక్కుతున్న పెద్దాయనకు గ్యాస్ మాత్ర ఇచ్చి పంపకండి, బీపీ చూసి, ఈసీజీకి డాక్టర్‌ని పిలవండి.

డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు

కొత్తవాళ్ళకు సూది కంటే ఫోనంటే ఎక్కువ భయం. అర్ధరాత్రి రెండింటికి లేపితే సారు చిరాకు పడతారేమోనని తెల్లారేదాకా ఆగుతారు. ఆగకండి. ఫోన్ చేసే ముందు కేస్ షీట్ చేతిలో పెట్టుకుని, అంకెలు కాగితం మీద రాసుకుని, ఈ వరుసలో చెప్పండి: 

"సార్, మేల్ మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్స్‌ని. ఏడో బెడ్, 58 ఏళ్ళాయన, నిన్న జ్వరం, దగ్గుతో అడ్మిట్ అయ్యారు. గంట క్రితం ఆక్సిజన్ శాచురేషన్ 94, ఊపిరి 24. ఇప్పుడు శాచురేషన్ 88, ఊపిరి 32, బీపీ 90/60. తల ఎత్తి పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టాను. మీరు వెంటనే వచ్చి చూడాలి సార్."

"సార్, పేషెంట్ ఎలాగో ఉన్నాడు" అన్న ఫోన్‌కి చిరాకు వస్తుంది. అంకెలతో వచ్చిన ఫోన్‌కి చాలామంది మంచం దిగుతారు. ఫోన్‌లో మందు చెబితే పేరు, డోసు తిరిగి చదివి వినిపించి, అప్పుడే రాసుకోండి. రాకపోతే పై డాక్టర్‌కి, మీ నైట్ సూపర్‌వైజర్‌కి చెప్పండి, ఎన్ని గంటలకు ఎవరికి చెప్పారో నోట్స్‌లో రాయండి.

డ్యూటీ అప్పగించేటప్పుడు, తీసుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి. స్టేషన్‌లో కూర్చుని కాకుండా బెడ్ బెడ్‌కీ తిరుగుతూ తీసుకోండి. క్యాన్యులా వాచిందా, సెలైన్ ఎంత మిగిలింది, యూరిన్ బ్యాగులో ఎంతుంది అన్నవి కళ్ళతో చూసే సంతకం పెట్టండి.

అటెండెంట్లతో

ఒక్కో పేషెంట్ వెంట ముగ్గురు నలుగురు వస్తారు. ఆదుర్దా, ఖర్చు, నిద్రలేమి అన్నీ కలిసి మీ మీద పడతాయి. చేయబోయేది ముందే చెప్పడం సగం గొడవలు ఆపుతుంది. "అమ్మా, సూది గుచ్చుతున్నాను, చీమ కుట్టినట్టుంటుంది, చెయ్యి కదపకు తల్లీ." "బాబాయ్, సెలైన్ అయిపోవడానికి ఇంకో అరగంట పడుతుంది, ఈలోపే నేనొస్తాను." వస్తానన్న టైముకి వెళ్ళండి, ఒట్టి చేతులతోనైనా సరే.

అయితే తిట్టడం, మీద మీదకి రావడం భరించాల్సిన పని లేదు. వైద్య సిబ్బంది మీద దాడుల్ని నేరంగా చూసే చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచే ఉంది, అందులో నర్సులూ ఉన్నారు. ఒంటరిగా వాదించకుండా సెక్యూరిటీని, ఇన్‌ఛార్జిని పిలిచి, జరిగింది రాసి ఇవ్వండి.

పొరపాటు జరిగితే, సూది గుచ్చుకుంటే

తప్పు మందు వెళ్ళిందని తెలిసిన నిమిషంలోనే డాక్టరుకు, ఇన్‌ఛార్జికి చెప్పాలి. తిట్లు పడతాయి, పడనివ్వండి. దాచిన గంటలో పేషెంట్‌కి జరిగేది మళ్ళీ సరిచేయలేం.

వాడిన సూది మీకు గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి. కుళాయి కింద సబ్బుతో కడిగి, వెంటనే రిపోర్ట్ చేయండి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమైతే మొదటి రెండు గంటల్లో మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు, 28 రోజులు వాడాలి. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో (జీజీహెచ్) హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లున్నాయి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో ఇవాళే చూసుకోండి. సూదికి మళ్ళీ మూత పెట్టకుండా నేరుగా తెల్లడబ్బాలో వేసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

నెలలు ఎలా గడుస్తాయి

అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సు 1974లోనే కొత్త నర్సుల ఈ అవస్థకు "రియాలిటీ షాక్" అని పేరు పెట్టారు. మొదట కొన్ని వారాలు ఉత్సాహం, తర్వాత చదివినదానికీ చూసేదానికీ పొంతన లేక కోపం, దిగులు, ఆ తర్వాత మెల్లగా తేరుకోవడం. మీరు దిగులు దశలో ఉంటే ఆ నోట్‌బుక్ తెరిచి, "చేయలేదు" నుంచి "ఒంటరిగా చేయగలను"కి మారినవి ఎన్నో చూడండి. నెలకి రెండు మూడు మారినా బాగా నడుస్తున్నట్టే. నైట్ డ్యూటీల వారంలో పగటి నిద్రను కాపాడుకోండి. మే నెల విజయవాడ ఎండలో అది కష్టమే, అయినా కిటికీకి మందపాటి గుడ్డ కట్టి, ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోండి. నిద్ర లేని కళ్ళకు 40, 100 ఒకేలా కనిపిస్తాయి.

మానేయాలనిపిస్తే

మీ భయం ఒక పని రాకపోవడం వల్లా, లేక ఆ చోటు వల్లా అన్నది విడదీసి చూడండి. పని రాకపోతే ఆసుపత్రి మారినా భయం వెంటే వస్తుంది, ఇంకో రెండు నెలలు ఆగి నేర్చుకుని వెళ్ళండి. వెంటిలేటర్ కేసులు మొదటి వారంలోనే ఒంటరిగా అప్పగించడం, చేయని పరిశీలనలు చార్ట్‌లో రాయమనడం, నోటికొచ్చినట్టు తిట్టడం మామూలైపోయిన చోటైతే ఆగాల్సిన అవసరం లేదు. కొత్తవాళ్ళకు నేర్పాల్సిన బాధ్యత ఆసుపత్రిది.

చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే, చూపించి వెనక్కి తీసుకుని అటెస్టెడ్ జిరాక్సులు ఇస్తామనండి. బాండ్ ఉంటే సంతకానికి ముందు ఇంట్లో ఒకరిచేత చదివించండి. వెళ్ళేటప్పుడు నోటీసు రాతపూర్వకంగా ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో పనిచేసిన వార్డుల పేర్లు కూడా రాయమని అడగండి, తర్వాతి ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే.